యుద్ధబందీ ఖైదీ కాడు

కిందటి సంచికలో 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోవడం గురించి ప్రచురించిన వ్యాసం చదివి, ఆ లొంగిపోయినవాళ్లంతా తరవాత ఏమయ్యారని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహం పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాము. కొందరు పేరు వేయవద్దని కోరినందువల్ల అందరినీ ఊరి పేరుతోనే సూచిస్తున్నాము.

పత్రికల్లో ఒకచోట ‘యుద్ధ ఖైదీ’ అని, ఒకచోట ‘యుద్ధబందీ’ అని, మరోచోట ‘నిర్బంధితుడు’ అని రాస్తున్నారు. ఇవన్నీ ఒకటేనా? — ఒక పాఠకుడు, తెనాలి

వాడుకలో మూడూ కలిసిపోయాయి గాని, అర్థాలు వేరు. ఖైదీ అనగానే మనకు నేరం, కోర్టు, శిక్ష గుర్తుకు వస్తాయి. యుద్ధంలో పట్టుబడిన సైనికుడు నేరం చేసినవాడు కాడు. తన దేశం తరఫున ఆయుధం పట్టడం అతని హక్కు అని అంతర్జాతీయ న్యాయం అంగీకరిస్తుంది కనుక, కేవలం యుద్ధం చేశాడన్న కారణంతో అతనిని విచారించడానికీ శిక్షించడానికీ వీలులేదు. అతనిని పట్టి ఉంచేది మళ్లీ వెళ్లి తుపాకీ అందుకోకుండా ఆపడానికే. అందుచేత నేను ‘యుద్ధబందీ’ అనే మాటనే వాడతాను. యుద్ధ నియమాలనే మీరి, నిరాయుధులను చంపడం వంటి పనులు చేసినవారిని మాత్రం విచారించవచ్చు.

నిర్బంధితుడు అనేది ఇంకా విశాలమైన మాట. సైనికుడు కాకపోయినా, భద్రతకు ముప్పు అన్న అనుమానంతో విచారణ లేకుండా పట్టి ఉంచినవారంతా ఆ మాట కిందికి వస్తారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో మన పెద్దలు ‘డిటెన్యూ’ అనేవారే, ఆ వరస అన్నమాట. యుద్ధబందీలకు 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం, పౌర నిర్బంధితులకు అదే ఏడాది కుదిరిన నాలుగవ ఒప్పందం వర్తిస్తాయి. మన దేశం వీటిని 1950లో ధ్రువీకరించింది, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది.

ఒక సైనికుడు శత్రువుకు చిక్కిన క్షణం నుంచి అసలు ఏమి జరుగుతుంది, ఏమి జరగాలి? — డిగ్రీ విద్యార్థిని, సిద్దిపేట

మొదట ఆయుధాలు, సైనిక పత్రాలు తీసుకుంటారు. హెల్మెట్టు, విషవాయువు నుంచి కాపాడే ముసుగు, ఒంటిమీది బట్టలు, హోదాను తెలిపే చిహ్నాలు అతని దగ్గరే ఉంచాలి. డబ్బు తీసుకోవాలంటే అధికారి ఆజ్ఞ ఉండాలి, లెక్క రాసి రసీదు ఇవ్వాలి. గాయపడినవారికి చికిత్స చేయించాలి, మిగిలినవారిని వీలైనంత త్వరగా కాల్పుల పరిధి దాటించి వెనక్కి పంపాలి.

ప్రశ్నించే హక్కు పట్టుకున్నవారికి ఉంది, జవాబు చెప్పవలసిన బాధ్యత మాత్రం బందీకి నాలుగు విషయాలకే పరిమితం. పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య చెబితే చాలు. ఐదో మాట కోసం కొట్టడం, బెదిరించడం, అవమానించడం, తిండి మాన్పించడం నిషిద్ధం. మన సినిమాల్లో కనిపించే విచారణ గదులను ఈ నిబంధనతో పోల్చి చూస్తే కథారచయితల శ్రమ తెలుస్తుంది.

అటుపైన శిబిరం. యుద్ధబందీలను సాధారణ జైళ్లలో పెట్టకూడదు. పట్టుకున్న సైన్యం అదే ప్రాంతంలో తన జవాన్లకు ఇచ్చే వసతికి తీసిపోని వసతి ఇవ్వాలి. భోజనం వాళ్ల అలవాటును గమనించి పెట్టాలి, ఒకరు చేసిన తప్పుకు అందరి తిండీ తగ్గించకూడదు. నెలకొకసారి వైద్యుడు చూసి ఒక్కొక్కరి బరువు తూచి రాయాలి. ఇది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, తిండి సరిగా పెడుతున్నారో లేదో మాటలతో కప్పిపుచ్చవచ్చు, నెలనెలా తూచి రాసిన బరువుతో కప్పిపుచ్చడం కష్టం. ఒప్పందం పాఠాన్ని బందీల భాషలోనే, వాళ్లు చదువుకోగలిగిన చోట అతికించి ఉంచాలి. నెలకు తక్కువలో తక్కువ రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోనివ్వాలి. వాటిని సెన్సారు చేయవచ్చు, తపాలా రుసుము మాత్రం వసూలు చేయకూడదు.

వీటన్నిటిలో నేను అన్నిటికన్నా పెద్దపీట వేసేది ఒక కార్డు ముక్కకు. శిబిరానికి చేరిన వారం లోగా బందీ చేత రెండు కార్డులు రాయించాలి. ఒకటి ఇంటికి, ఒకటి జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ వారి కేంద్ర సంస్థకు. ఇందులో ఉండేది పేరు, క్షేమ సమాచారం, చిరునామా, అంతే. అయితే ఆ కార్డు బయటికి వెళ్లిన క్షణం నుంచి ‘ఆ మనిషి మా దగ్గర లేడు’ అని ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. బందీకి అన్ని రక్షణలూ తన పేరు ఒక జాబితాలోకి ఎక్కడంతోనే మొదలవుతాయి. కింది జవాబుల్లో ఈ జాబితా మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

బందీల చేత చాకిరీ చేయించుకోవచ్చా? పారిపోతే కాల్చేస్తారా? — విశ్రాంత నౌకాదళ ఉద్యోగి, విశాఖపట్నం

సిపాయిల చేత చేయించుకోవచ్చు. హవల్దారు వంటి హోదాల వారికి అజమాయిషీ పని మాత్రమే చెప్పాలి. అధికారులను ఏ పనీ చేయమని బలవంతపెట్టరాదు, తామే అడిగితే ఇవ్వవచ్చు. మందుపాతరలు తీయించడం వంటి ప్రమాదకరమైన పనులకు తమంతట ముందుకు వచ్చినవారిని తప్ప పెట్టకూడదు. పని చేసినా చేయకపోయినా నెలకు కొంత జీతం ముందుగా ఇవ్వాలి. ఒప్పందం దాన్ని స్విస్ ఫ్రాంకుల్లో నిర్ణయించింది: సిపాయికి 8, సేనాపతి స్థాయివారికి 75. ఈ అంకెలు 1949 నాటివి, నేటి ధరలతో పోల్చి నవ్వుకోవద్దు.

పారిపోవడానికి ప్రయత్నించడం సైనికుడి ధర్మమని సైన్యాలన్నీ భావిస్తాయి. అందుకే విఫలయత్నానికి క్రమశిక్షణ చర్య తప్ప కోర్టు శిక్ష లేదు, ఆ చర్య కూడా 30 రోజులకు మించకూడదు. పారిపోతున్నవాడి మీద కాల్పులు అన్ని హెచ్చరికలూ అయ్యాక, చిట్టచివరి మార్గంగా మాత్రమే. విజయవంతంగా తన సైన్యాన్ని చేరినవాడు మరోసారి పట్టుబడినా పాత పలాయనానికి శిక్షించరాదు. 1971 యుద్ధంలో పాకిస్తాన్‌కు చిక్కిన మన వైమానిక దళ అధికారులు 1972 ఆగస్టులో దిలీప్ పారుల్కర్, మల్విందర్ సింగ్ గ్రేవాల్, హరీశ్ సింహ్‌జీ రావల్పిండి శిబిరం గోడకు కన్నం వేసి బయటపడ్డారు. ఆఫ్గన్ సరిహద్దుకు కూతవేటు దూరంలో, లండీ కోతల్ దగ్గర దొరికిపోయారు. ఆ ఏడాది డిసెంబరు 1న మిగిలినవారితో పాటు వాఘా మీదుగా స్వదేశం చేరారు.

మన ప్రాంతంలో ఎప్పుడైనా ఇలాంటి శిబిరం ఉండేదా? — ఒక పాఠకుడు, అనంతపురం

మీ పొరుగునే ఉండేది. బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా, తెలుగువారు మాది అని చెప్పుకొన్న రోజుల్లో, దక్షిణాఫ్రికాలో తమతో పోరాడి పట్టుబడిన బోయర్లను (డచ్చి సంతతివారిని) కొందరిని బ్రిటిషువారు అక్కడికి తెచ్చి ఉంచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ సైనికులను అక్కడే పెట్టారు. 1917లో రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చి ఆ శిబిరాన్ని చూసి నివేదిక రాశారు. రెండవ యుద్ధంలో ఆఫ్రికాలో చిక్కిన ఇటాలియన్లను వేల సంఖ్యలో మన దేశానికి ఓడల్లో తరలించారు. వారి శిబిరాలు డెహ్రాడూన్, బెంగుళూరు, భోపాల్, హిమాచల్‌లోని యోల్ వంటి చోట్ల ఉండేవి.

1971 యుద్ధం 14 రోజుల్లో ముగిసింది. అయినా 93 వేల మంది పాకిస్తానీలను రెండేళ్లకు పైగా మనం ఎందుకు ఉంచుకున్నాము? ఇది ఒప్పందానికి విరుద్ధం కాదా? — ఉపాధ్యాయుడు, ఖమ్మం

సూటి ప్రశ్న. సూటిగానే జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు అంకె సంగతి. 93 వేలు అనేది అందరినీ కలిపి చెప్పే లెక్క. అందులో సైనికులతో పాటు పారామిలిటరీ దళాల వారు, పోలీసులు, పౌర ఉద్యోగులు, కుటుంబాల వారూ ఉన్నారు. తూర్పు రంగంలో పాకిస్తాన్ సేనాపతి నియాజీ, మన సేనాపతి అరోరా సంతకాలు చేసిన లొంగుబాటు పత్రంలోనే జెనీవా ఒప్పందం ప్రకారం గౌరవంగా చూస్తామన్న హామీ ఉంది. అది ఉత్తుత్తి మాట కాదనడానికి ఒక గుర్తు చెబుతాను. ఢాకాలో బంగ్లాదేశ్ విమోచన దళమైన ముక్తివాహిని ప్రతీకారం తీర్చుకుంటుందన్న భయం వల్ల లొంగిపోయిన దళాలలో చాలామందిని ఆత్మరక్షణ కోసం కొన్ని రోజులు ఆయుధాలు దగ్గర ఉంచుకోనిచ్చారు. ఆ తరవాత వారిని ఉత్తర, మధ్య భారత కంటోన్మెంట్లకు తరలించారు. నియాజీని మొదట కలకత్తా ఫోర్ట్ విలియంలో, అటుపైన జబల్పూరులో ఉంచారు.

ఇప్పుడు మీ ప్రశ్న. మూడవ ఒప్పందం 118వ అధికరణం ప్రకారం చురుకైన పోరాటం ఆగిన వెంటనే, జాప్యం లేకుండా బందీలను వదలాలి. శాంతి ఒప్పందం కుదిరేదాకా ఆగమని అందులో లేదు. పశ్చిమ రంగంలో పట్టుబడినవారి మార్పిడి 1972 డిసెంబరులోనే జరిగిపోయింది. తూర్పు రంగంలో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, లొంగిపోయినవారి విషయంలో మన ప్రభుత్వం వాదన వేరు. లొంగుబాటు భారత, బంగ్లాదేశ్ దళాల ఉమ్మడి కమాండుకు జరిగింది, కనుక బంగ్లాదేశ్ ఒప్పుకోనిదే వదలలేము. బంగ్లాదేశ్‌ను పాకిస్తాన్ దేశంగానే గుర్తించలేదు, కనుక ముగ్గురూ కూర్చుని మాట్లాడుకునే వీలు లేదు. పైగా బంగ్లాదేశ్ 195 మందిని యుద్ధ నేరాలకు విచారిస్తానంది. దానికి ప్రతిగా పాకిస్తాన్ తన దేశంలో చిక్కుకున్న బెంగాలీలలో కొందరిని విచారిస్తానని బెదిరించింది. 1973 మే నెలలో ఆ 195 మంది విషయమై అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది, డిసెంబరులో తానే కేసు ఉపసంహరించుకుంది.

ముడి విప్పింది 1973 ఆగస్టు 28 నాటి ఢిల్లీ ఒప్పందం. బందీలు పాకిస్తాన్‌కు, పాకిస్తాన్‌లోని బెంగాలీలు బంగ్లాదేశ్‌కు, బంగ్లాదేశ్‌లోని పాకిస్తానీయులలో కొందరు పాకిస్తాన్‌కు ఏకకాలంలో వెళ్లాలని అందులో అనుకున్నారు. 1974 ఫిబ్రవరిలో పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది, ఏప్రిల్ 9న మూడు దేశాలూ సంతకాలు చేశాయి, ఆ 195 మంది మీద విచారణ ఆలోచనను బంగ్లాదేశ్ క్షమాభావంతో విరమించుకుంది. ఏప్రిల్ 30న నియాజీ వాఘా దాటడంతో ఆ అధ్యాయం ముగిసింది.

నా అభిప్రాయం అడిగితే, శిబిరాలలో మన నడవడి చాలావరకు ఒప్పందానికి తగినట్టే ఉంది, వదలడంలో జాప్యం మాత్రం న్యాయం కన్నా రాజకీయం వల్ల జరిగింది. ఉమ్మడి కమాండు వాదన అర్థం లేనిది కాదు. కాని ఆ 195 మందిని పక్కనపెడితే, ఏ ఆరోపణా లేని వేలాది మంది మామూలు సిపాయిలను అది 1973 చివరిదాకా ఆపి ఉంచడానికి చాలదు. ఆ మాట అనడానికి మనం మొహమాటపడవలసిన పని లేదు.

2019లో మన పైలట్ అభినందన్‌ను రెండు రోజుల్లో వదిలారు. యుద్ధమే ప్రకటించలేదు కదా, అప్పుడు ఒప్పందం వర్తిస్తుందా? — గృహిణి, నెల్లూరు

వర్తిస్తుంది. రెండు దేశాల సాయుధ దళాల మధ్య ఘర్షణ జరిగితే చాలు, అది యుద్ధమని ఒకరు ఒప్పుకోకపోయినా ఒప్పందం అమల్లోకి వస్తుంది. 1999లో కార్గిల్ సమయంలో పట్టుబడిన మన పైలట్ నచికేతను వారం రోజుల్లో అప్పగించారు. అభినందన్ ఫిబ్రవరి 27న చిక్కి మార్చి 1 రాత్రి వాఘా దాటారు. ఆయన కళ్లకు గంతలు కట్టిన దృశ్యాలను, టీ తాగుతున్న దృశ్యాలను చిత్రించి ప్రపంచానికి చూపించడం 13వ అధికరణానికి విరుద్ధం. బందీని జనం వింతగా చూసేలా ప్రదర్శించరాదని అది స్పష్టంగా చెబుతుంది. చేతిలో టీ కప్పు ఉన్నంత మాత్రాన ప్రదర్శన కాకుండా పోదు. ఆ దృశ్యాలను రోజంతా తిప్పి తిప్పి చూపిన మన చానళ్లకు కూడా ఆ నిబంధన ఎవరైనా చదివి వినిపించి ఉంటే బాగుండేది.

1965 యుద్ధంలో మన మాజీ సైన్యాధిపతి జనరల్ కరియప్ప కుమారుడు యుద్ధ విమానం కూలి పాకిస్తాన్‌కు చిక్కినప్పుడు, ఒకప్పుడు కరియప్ప కింద పనిచేసిన అప్పటి పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ అతనిని విడిచిపెడతానని కబురు పంపారు. బందీలందరూ నాకు బిడ్డలే, అందరితో పాటే అతనూ అని ఆ తండ్రి తిరస్కరించిన వృత్తాంతం సైన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బందీయే తిరిగి వెళ్లనంటే? — ఒక పాఠకుడు, కాకినాడ

ఈ ఒక్క ప్రశ్న మీద కొరియా యుద్ధం అదనంగా ఏడాదికి పైగా సాగిందంటే అతిశయోక్తి కాదు. తమ దేశానికి పోమని మొండికేసిన చైనా, ఉత్తర కొరియా బందీలను ఏమి చేయాలన్న దగ్గర చర్చలు ఆగిపోయాయి. ఒప్పందం బందీలను పంపించమంటుంది గాని, వెళ్లనంటే ఏమి చేయాలో చెప్పదు. చివరికి 1953లో తటస్థ దేశాల కమిషన్ ఒకటి ఏర్పడింది. దానికి అధ్యక్షత, బందీల కాపలా రెండూ మన దేశానికి దక్కాయి. కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య, కాపలా దళానికి మేజర్ జనరల్ థోరట్ నాయకులు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ భారతీయ సైనికుడు తన నేల మీద కాలు మోపకూడదని పట్టుబట్టాడు. దాంతో మన జవాన్లను ఇంచాన్ రేవు నుంచి హెలికాప్టర్లలో ఎత్తి సైన్యరహిత మండలంలో దించవలసి వచ్చింది.

అక్కడ 22 వేల మందికి పైగా ఉత్తరాది బందీలు, అటువైపు నుంచి 350 మందికి పైగా దక్షిణ కొరియన్లు, అమెరికన్లు, ఒక బ్రిటిషువాడు మన చేతికి వచ్చారు. ప్రతి బందీకీ అతని దేశపు ప్రతినిధి ఎదురుగా కూర్చుని తిరిగి రమ్మని నచ్చచెప్పడం, బందీ తన నిర్ణయం చెప్పడం, ఇది పద్ధతి. ఆచరణలో శిబిరాల లోపల బందీల నాయకులే రాజ్యమేలారు. ఇంటికి పోతానన్నవాడిని రాత్రిపూట తోటివారే చితకబాదిన సందర్భాలు ఉన్నాయి. ఒకసారి ఒక భారతీయ మేజరును బందీలు పట్టుకుంటే థోరట్ స్వయంగా ఆవరణలోకి వెళ్లి విడిపించుకు వచ్చారు. తీగకంచె చుట్టూ తుపాకులు పెట్టినంత మాత్రాన శిబిరం అదుపులో ఉన్నట్టు కాదని, లోపలి మనిషి భయపడేది ఒక్కోసారి కాపలావాడికి కాక పక్క మంచం వాడికని ఆ శీతకాలం మన సైన్యానికి తెలిసింది.

1954 జనవరిలో ఎక్కువమందిని పట్టుకున్న పక్షానికే తిరిగి అప్పగించారు. అటు వెళ్లక, ఇటు వెళ్లక, మూడో దేశం కోరుకున్న 88 మంది మన దళంతో పాటు ఓడెక్కి భారతదేశం వచ్చారు. వారిలో పలువురు బ్రెజిల్, అర్జెంటీనా వెళ్లగా కొందరు ఇక్కడే ఉండిపోయారు.

సైనికులు కాని మామూలు మనుషులను కూడా యుద్ధం పేరుతో పట్టి ఉంచుతారా? — ఒక పాఠకురాలు, వరంగల్

ఉంచుతారు, ఉంచారు. పర్వతారోహణకు వచ్చిన ఆస్ట్రియా దేశస్థుడు హైన్‌రిష్ హారర్‌ను 1939లో బ్రిటిషువారు పట్టి ఉంచింది అలాగే. ఆయన 1944లో డెహ్రాడూన్ శిబిరం నుంచి తప్పించుకుని టిబెట్ చేరారు. మనం గర్వపడలేని సంగతి ఒకటి 1962లో జరిగింది. చైనాతో యుద్ధ సమయంలో అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ ప్రాంతాలలో తరాలుగా స్థిరపడిన చైనా సంతతివారిని సుమారు 3 వేల మందిని, ముసలివాళ్లు పసిపిల్లలతో సహా, రైళ్లలో రాజస్థాన్‌లోని దేవలీకి తరలించారు. 1941లో జయప్రకాశ్ నారాయణ్‌ను నిర్బంధించింది కూడా ఆ ఊళ్లోనే. పౌర నిర్బంధితుల కేసులను ఏడాదికి రెండుసార్లయినా తిరిగి పరిశీలించాలని నాలుగవ ఒప్పందం చెబుతుంది. కాని ఆ రక్షణ పరదేశీయులకే. వారిలో భారత పౌరులుగా ఉన్నవారికి సొంత ప్రభుత్వం నుంచి ఆ ఒప్పందం రక్షణ ఇవ్వలేకపోయింది.

గ్వాంటనామోలో ఉన్నవారిని యుద్ధబందీలు అనరెందుకు? — ప్రవాస పాఠకుడు, డాలస్

యుద్ధబందీ హోదా కావాలంటే ఒక దేశపు సైన్యానికి చెందినవారై ఉండాలి, లేదా నాయకుడు, దూరం నుంచి గుర్తుపట్టగల చిహ్నం, బాహాటంగా ఆయుధం పట్టడం, యుద్ధ నియమాలను పాటించడం అనే లక్షణాలు గల దళానికి చెందాలి. ఎవరి విషయంలోనైనా సందేహం వస్తే అర్హమైన ట్రిబ్యునల్ తేల్చేవరకు యుద్ధబందీగానే చూడాలి. 2002 జనవరిలో మొదటి 20 మందిని క్యూబాలోని తన స్థావరం గ్వాంటనామోకు తెచ్చినప్పుడు అమెరికా ఆ మెట్టు దాటవేసి, అందరినీ ఒక్క గాటన కట్టేసి ‘చట్టవిరుద్ధ యోధులు’ అన్నది. మొత్తం మీద సుమారు 780 మంది ఆ శిబిరం చూశారు. 2006లో హమ్దాన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఏ హోదా లేనివారికి కూడా నాలుగు జెనీవా ఒప్పందాలలోనూ ఉమ్మడిగా ఉన్న మూడవ అధికరణం కనీస రక్షణ ఇస్తుందని చెప్పింది. 2008లో బూమెడియన్ కేసులో, తమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు వారికి ఉందని తీర్పు ఇచ్చింది.

ఇరాక్‌లోని అబూ ఘ్రైబ్ జైలులో అమెరికా సైనికులు నిర్బంధితులను హింసించిన ఫొటోలు 2004లో బయటపడినప్పుడు అందరి కళ్లూ ఆ ఫొటోల మీదే నిలిచాయి. దాని మీద విచారణ జరిపిన అమెరికా సైన్యాధికారి మేజర్ జనరల్ తగూబా నివేదికలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరో అంశం. కొందరిని పేరు నమోదు చేయకుండా ఉంచి, రెడ్‌క్రాస్ వారు వచ్చినప్పుడు వారి కంట పడకుండా జైలు లోపల అటూ ఇటూ మార్చారు. వాళ్లకు అక్కడివారు పెట్టిన పేరు ‘దెయ్యపు నిర్బంధితులు’.

మా ఊరి నుంచి ఎందరో సైన్యంలో ఉన్నారు. 1971లో కనిపించకుండా పోయినవారు ఇంకా పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారంటారు, నిజమేనా? — ఒక సైనికుడి సోదరి, శ్రీకాకుళం

అమ్మా, దీనికి అవునని గాని కాదని గాని చెప్పగల స్థితి లేదు. 1965, 1971 యుద్ధాలలో తప్పిపోయిన 54 మంది సైనికులు పాకిస్తాన్ నిర్బంధంలో ఉన్నారని మన ప్రభుత్వం నమ్ముతున్నట్టు పార్లమెంటులో చెబుతూ వచ్చింది. తమ దగ్గర ఎవరూ లేరని పాకిస్తాన్ అంటూనే ఉంది. 1983లో కొందరు బంధువులు, 2007 జూన్‌లో 14 మంది బంధువులు అక్కడి జైళ్లకు వెళ్లి చూశారు. తమవారిని గుర్తించలేక తిరిగి వచ్చారు.

యుద్ధం జరుగుతుండగా ప్రతి పక్షమూ సమాచార కార్యాలయం ఒకటి తెరిచి, తన చేతిలో ఉన్నవారి పేర్లు, మరణించినవారి వివరాలు, సమాధుల స్థలాలు ఎప్పటికప్పుడు అవతలి పక్షానికి అందేలా పంపాలి. ఆ జాబితాలోకి పేరు ఎక్కనివారిని తరవాత వెతకడానికి మిగిలేవి పాత ఫొటోలు, ఒక రేడియో ప్రసారంలో విన్న పేరు, విడుదలైన తోటి బందీ ఎప్పుడో చూశానని చెప్పిన మాట, ఇలాంటివే. ఆ 54 మందిలో పలువురి విషయంలో కుటుంబాల దగ్గర ఉన్న ఆధారాలు కూడా ఈ తరహావే. ఇప్పటికైనా మీకు తెలిసిన కుటుంబం ఏదైనా ఉంటే, వారి దగ్గరున్న కాగితాల నకళ్లతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని, ఢిల్లీలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. తప్పిపోయినవారి ఆచూకీ కోసం వచ్చే అభ్యర్థనలను రెడ్‌క్రాస్ వారు యుద్ధం ముగిసి ఎన్నేళ్లయినా స్వీకరిస్తారు.